ఎడమ గొట్టంలో సొట్ట: ఒక పాత డబుల్ బ్యారెల్ కొనాలా వద్దా అన్న కేసు

నేపథ్యం

తుపాకుల మరమ్మతు నా వృత్తి. లైసెన్సు ఉన్న దుకాణంలో పని చేస్తాను. పాత తుపాకీ కొనాలనుకునేవారు ముందుగా నా బల్ల మీదికి తెస్తే విప్పి, కొలిచి, రాసిస్తాను. అలా వచ్చినవాటిలో ఒక కేసును ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కొనుగోలుదారు, అమ్మకందారు, ఊరు, దుకాణం పేర్లు రాయడం లేదు. తుపాకీ తయారీదారు పేరు, నంబరు, అడిగిన ధర కూడా వదిలేశాను. అవి రాస్తే ఆ తుపాకీని ఎరిగినవారు ఇట్టే గుర్తుపడతారు.

కొనుగోలుదారు మధ్యవయస్కుడు. ఊళ్లో పొలం ఉంది, నివాసం నగరంలో. లైసెన్సు మీద ఒక రివాల్వర్ ఇప్పటికే ఉంది. రెండో ఆయుధంగా పన్నెండు బోర్ షాట్‌గన్‌కు అనుమతి తెచ్చుకున్నారు. క్లబ్బులో ట్రాప్ షూటింగ్, అంటే గాల్లోకి విసిరే మట్టి బిళ్లలను కొట్టడం నేర్చుకోవాలన్నది కోరిక. చిన్నప్పుడు తాతగారి ఇంట్లో గోడకు ఉన్న ఇంగ్లీషు డబుల్ బ్యారెల్ మీద మమకారం కూడా ఉంది. ఆ మాట ఆయనే దాచుకోకుండా చెప్పారు. అది తెలియడం నాకు మేలైంది. కొనుగోలుదారు మనసు ఎటు మొగ్గుతుందో తెలిస్తే, ఏ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగాలో తెలుస్తుంది.

అమ్మకానికి వచ్చింది బర్మింగ్‌హామ్‌లో తయారైన బాక్స్‌లాక్, అంటే పేల్చే యంత్రాంగం ఒక పెట్టెలా లోపలే ఇమిడి ఉండే తుపాకీ. ఆన్సన్, డీలీ 1875లో పేటెంట్ చేసిన పద్ధతి అది. రెండు గొట్టాలు పక్కపక్కన, రెండు ట్రిగ్గర్లు, ఖాళీ తూటాలను బయటికి విసిరే ఎజెక్టర్లు లేవు. యజమాని చనిపోయాక వారసులు దాన్ని ఒక డీలరు దగ్గర డిపాజిట్ చేశారు. ఏళ్ల తరబడి అక్కడే ఉంది. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతికి దారులు మూసుకుపోవడంతో, దేశంలో మిగిలిన ఇంగ్లీషు తుపాకులే చేతులు మారుతున్నాయి. అందుకే వాటికి ఇంత గిరాకీ. వాటి లోపాలను చూసీ చూడనట్లు వదిలేయడానికి కారణం కూడా అదే.

వచ్చిన సమస్య

డీలరు దాచకుండా చెప్పిన లోపాలు రెండు. భుజానికి ఆనించే బట్ మెడ దగ్గర చెక్కకు సన్నని పగులు. ఎడమ గొట్టం మీద, ముందు చెక్క దాటిన చోట, బొటనవేలి గోరంత సొట్ట. వీటికోసం ధర తగ్గించానన్నారు. గొట్టాలకు కొత్తగా పాలిష్, బ్లూయింగ్ (నల్లరంగు పట్టించడం) చేయించానని, లోపల అద్దంలా ఉన్నాయని కూడా చెప్పారు. కొనుగోలుదారు ప్రశ్న సూటిగా ఉంది. "సార్, ఈ సొట్ట తీయించడానికి, చెక్క అతికించడానికి ఎంతవుతుందో చెప్పండి. తగ్గించిన ధర కంటే తక్కువైతే తీసుకుంటాను."

ఆ లెక్క వేసే ముందు మరో లెక్క వేయాలని నేను అడ్డుపడ్డాను. 2019 నాటి ఆయుధ చట్ట సవరణతో ఒక లైసెన్సుదారు ఉంచుకోదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చినవాటికీ ఇదే పరిమితి. ఆయన దగ్గర ఒకటి ఉంది. దీన్ని తీసుకుంటే రెండో స్థానం నిండిపోతుంది. కొన్నాక బాగోలేదని తేలితే, దాన్ని వదిలించుకోవడం మోటారు సైకిలు అమ్మినంత తేలిక కాదు. లైసెన్సు ఉన్న మరొకరికి నేరుగా అమ్మాలంటే జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు స్టేషనుకో రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు ఆగాలి. డీలరుకు తిరిగి ఇస్తే ఆయన చెప్పిందే ధర. కొత్తది కొనడానికి మళ్లీ అనుమతి, మళ్లీ గడువు. కాబట్టి ఇక్కడ డబ్బుతో పాటు ఆ రెండో స్థానం కూడా ఖర్చవుతోంది. డబ్బు మళ్లీ సంపాదించవచ్చు. ఆ స్థానం తిరిగి ఖాళీ కావడానికి నెలలు పడుతుంది. ధర ఎంత తగ్గినా ఆ నష్టం తగ్గదు.

ఆయన కాసేపు మౌనంగా ఉండి, అయితే ధర సంగతి చివరికి వదిలేసి ముందు తుపాకీనే చూడమన్నారు. అనుమతిలో ఇచ్చిన కొనుగోలు గడువు దగ్గర పడుతోందన్న తొందర మాత్రం ఆయన ముఖంలో కనిపిస్తూనే ఉంది.

మొదటి పరీక్ష

ముందు కాగితాలు. గొట్టాల అడుగు భాగం, యాక్షన్ (పేల్చే యంత్రాంగం ఉన్న భాగం), ముందు చెక్క లోపలి ఇనుము, ఈ మూడు చోట్లా ఉన్న నంబరు, డిపాజిట్ రసీదులోని నంబరు ఒకటే. దిద్దిన గుర్తులు లేవు. ఇక్కడ తేడా ఉంటే మిగతాదేదీ చూడకుండానే వెనక్కి పంపేసేవాడిని. చెరిపేసిన నంబరుతో ఆయుధం ఉండడమే నేరం.

యాక్షన్ బాగుంది. ముందు చెక్క తీసి, బట్ పట్టుకుని ఊపితే గొట్టాలు కదల్లేదు. బ్రీచ్ దగ్గర, అంటే తూటా పెట్టే వెనుక కొస దగ్గర, వెలుతురు కనిపించలేదు. ట్రిగ్గర్లు, సేఫ్టీ సరిగానే పని చేశాయి.

చెక్క పగులు పెద్ద విషయం కాదు. మెడ దగ్గర నూనె ఇంకి నల్లబడింది, పగులు యాక్షన్ వెనుక నుంచి మొదలై పైకే సాగింది. నూనె లాగేసి, జిగురు లోపలిదాకా ఎక్కించి, కనపడకుండా ఒక పిన్ను వేస్తే మరో తరం నిలుస్తుంది. కొనుగోలుదారుకు బాగా దిగులు పుట్టించింది ఈ పగులే. నన్ను ఆపింది మాత్రం గొట్టాల మెరుపు.

రిబ్‌లను (గొట్టాల మధ్య పొడుగునా ఉండే ఇనుప పట్టీలను), గొట్టాలను టంకంతో అతికించిన ఇలాంటి పాత తుపాకులకు నల్లరంగు పట్టించే పద్ధతి వేరు. తుప్పును నెమ్మదిగా పుట్టించి, గీకి, మళ్లీ పుట్టించి, రోజుల తరబడి చేస్తారు. అలా వచ్చిన నలుపు మెత్తగా, మెరుపు లేకుండా ఉంటుంది. ఈ గొట్టాల మీద ఉన్నది నీలం కలిసిన తళుకు. వేడి కాస్టిక్ ఉప్పు ద్రావణంలో ముంచితే వచ్చే రంగు అది. ఆ ద్రావణం టంకాన్ని తింటుంది. రిబ్‌ల కింద దూరి, కడిగినా పూర్తిగా పోకుండా లోపలే ఉండి తుప్పు పట్టిస్తుంది. అడుగున ఉన్న ప్రూఫ్ ముద్రల (గొట్టం ఒత్తిడి పరీక్షలో నెగ్గిందని వేసే గుర్తుల) అంచులు కూడా గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. బఫింగ్ చక్రం పెట్టారన్నమాట. బయట ఇంత దూకుడుగా పని చేసినవాళ్లు లోపల సున్నితంగా చేసి ఉంటారని ఎలా నమ్మేది?

గొట్టాల జతను తుపాకీ నుంచి విడదీసి, లంప్ (గొట్టాల అడుగున ఉండే కొక్కెం) దగ్గర వేలికి తగిలించి, చెక్క పిడితో తట్టాను. రిబ్‌లు గట్టిగా ఉంటే గుడిగంట మోగినట్టు మోత సాగుతుంది. ఇక్కడ మోత మధ్యలోనే తెగి, చివర్లో చిన్న గరగర వినిపించింది. రిబ్ ఎక్కడో ఊడుతోంది.

ముద్రలు ఏం చెప్పాయి

బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. అక్కడ ప్రతి గొట్టాన్నీ మామూలు కంటే ఎక్కువ ఒత్తిడినిచ్చే మందుతో పేల్చి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. ఆ ముద్రలు చదవడం వస్తే తుపాకీ పుట్టుక సగం తెలిసినట్టే. దీని మీద డైమండ్ లోపల "12 సీ" ముద్ర, పక్కన ఛాంబర్ (తూటా కూర్చునే గది) పొడవు రెండున్నర అంగుళాలు, గుళ్ల బరువు ఒక ఔన్సు మీద ఎనిమిదో వంతు అని ఉన్నాయి. అంటే 1925కూ 1954కూ మధ్య నాటి ప్రూఫ్. బోర్ గుర్తు "13/1". ప్రూఫ్ నాడు లోపలి వ్యాసం 0.719 అంగుళాలకు తగ్గకుండా, 0.729 అంగుళాలకు చేరకుండా ఉందని దాని అర్థం.

ఇక్కడే రెండు విషయాలు తేలాయి.

ఒకటి ఛాంబర్. రెండున్నర అంగుళాలంటే ఇప్పటి లెక్కలో 65 మి.మీ. తూటా. దుకాణాల్లో ఎక్కువగా దొరికేది 70 మి.మీ. ఇందులోని ప్రమాదమేమిటంటే, 70 మి.మీ. తూటా ఆ ఛాంబర్‌లోకి హాయిగా దూరుతుంది. ఎందుకంటే ఆ కొలత మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు, మూసి ఉన్న తూటా అంతకంటే పొట్టిగా ఉంటుంది. పేలినప్పుడు ఆ మూతి ఛాంబర్ దాటి, గొట్టం సన్నబడే చోట విచ్చుకుని, దారిని ఇరుకు చేసి ఒత్తిడి పెంచుతుంది. తూటా పట్టిందంటే సరిపోయినట్టే అని ఎవరైనా అంటే నమ్మవద్దని కొనుగోలుదారుకు చేతికి తూటా ఇచ్చి, కొలిచి మరీ చూపించాను.

రెండోది లోపలి కొలత. బ్రీచ్ నుంచి తొమ్మిది అంగుళాల లోతులో గేజి పెట్టాను. కుడి గొట్టం 0.727. ముద్ర పరిధిలోనే ఉంది. ఎడమది 0.731. మరోసారి, మరో గేజితో కొలిచినా అంతే. తర్వాతి సైజు 0.729 కాబట్టి, ఎడమ గొట్టం తన ముద్రను దాటిపోయింది. ఇంగ్లండ్‌లో దాన్ని ప్రూఫ్ తప్పిన తుపాకీ అంటారు. అలాంటిదాన్ని అమ్మడం అక్కడ నేరం. మన దగ్గర అలాంటి అడ్డు లేదు, అందుకే కొలత తీయడం కొనేవారి పని అవుతోంది. డీలరు చెప్పిన ఆ మెరుపు తుప్పు గుంటలు పోయేదాకా లోపల నూరితే వచ్చిన మెరుపు.

సొట్ట దగ్గర

సొట్ట తీయడం నేను తరచుగా చేసే పనే. లోపల సరైన సైజు కడ్డీ పెట్టి, బయట నుంచి చిన్న సుత్తితో తట్టుతూ, లోహాన్ని కొద్దికొద్దిగా పైకి లేపుతాం. గోడ దళసరిగా ఉంటే అరపూట పని. అందుకే గోడ మందం కొలవకుండా సొట్ట ఖర్చు చెప్పను.

ముందు కళ్లతో చూశాను. గొట్టాన్ని కిటికీ వెలుతురు వైపు పట్టి చూస్తే లోపల వలయాల వెంట వలయాలుగా వెలుగు కనిపిస్తుంది. సొట్ట ఉన్నచోట వలయం లోపలికి వంగింది. ఆ వంపు శిఖరం మీద, మిగతా గోడ కంటే ఎక్కువ తళుకుతో, చిన్న చదునైన మచ్చ ఉంది. ఆ మచ్చను చూడగానే మరమ్మతు చేయించాలన్న ఆలోచన నా మటుకు ముగిసిపోయింది.

సొట్ట పడ్డప్పుడు లోహం లోపలికి బొడిపెలా పొడుచుకు వస్తుంది. ఆ తర్వాత లోపల నూరితే, సాన మొదట తగిలేది ఆ బొడిపెకే. చుట్టుపక్కల గోడ కంటే అక్కడే ఎక్కువ లోహం పోతుంది. అంటే సొట్ట ముందు పడింది, నూరడం తర్వాత జరిగింది. ఇప్పుడా సొట్టను పైకి లేపితే బయట సమంగా కనిపిస్తుంది. లోపల మాత్రం లోహం కొరుక్కుపోయిన పలుచని చోటు మిగులుతుంది.

గోడ గేజి ఆ మాటే చెప్పింది. కుడి గొట్టంలో అతి పలుచని చోటు 0.024 అంగుళాలు. ఎడమలో సొట్టకు దూరంగా 0.021. సొట్ట నడుమ 0.014. చట్టం ఇంత మందం ఉండాలని ఎక్కడా చెప్పదు గానీ, 0.020కి దిగువన ఉన్నదాన్ని ఈ వృత్తిలో తెలిసినవారు కొనమని చెప్పరు. పైగా ఇది ఎక్కడ ఉంది? కాలుస్తున్నప్పుడు ఎడమ చెయ్యి ఉండే చోటికి నాలుగు వేళ్ల దూరంలో.

అయినా కొనాలన్న ప్రయత్నాలు

ఈ కొలతలు చూశాక కూడా బేరం వెంటనే తెగలేదు. డీలరు, కొనుగోలుదారు, ఆయన స్నేహితులు తలా ఒక మార్గం చూపించారు. ఒక్కొక్కటి ఎందుకు కుదరలేదో రాస్తాను. ఇలాంటి బేరాల్లో ఈ సలహాలే మళ్లీ మళ్లీ వస్తాయి.

డీలరు అన్నది, కొన్ని తూటాలు కాల్చి చూశాం, ఏమీ కాలేదని. పలుచని గొట్టం ఒకసారి నిలిచిందంటే ఆ ఒక్కసారి నిలిచిందనే అర్థం. ప్రూఫ్ హౌస్ పరీక్షలో ఎక్కువ ఒత్తిడితో కాల్చి, ఆ తర్వాత గొట్టం ఉబ్బిందేమో కొలుస్తారు. మామూలు తూటాలతో దుకాణం వెనుక కాల్చిన నాలుగు గుండ్లు ఆ పరీక్షకు బదులు కావు. తాడు కట్టి దూరం నుంచి కాల్చి చూద్దామన్న మాట కూడా వచ్చింది. నేను ఒప్పుకోలేదు. అది పగలకపోతే ఈయన కొనేస్తారు. దాంతో తేలేదేమీ ఉండదు.

తేలిక తూటా వాడితే? అంతర్జాతీయ ట్రాప్ పోటీల్లో గుళ్ల బరువు 24.5 గ్రాములకు మించకూడదు కదా అన్నారు. ఇది కాస్త ఆలోచించదగ్గ మాటే. కానీ గుళ్ల బరువు తగ్గినంత మాత్రాన ఒత్తిడి తగ్గాలని లేదు. ఆ తేలిక గుళ్లను వేగంగా తోయడానికి త్వరగా మండే మందు వాడితే ఒత్తిడి ఏమాత్రం తగ్గకపోవచ్చు. తూటా డబ్బా మీద ఒత్తిడి ఎంతో రాసి ఉండదు.

ఛాంబర్‌ను 70 మి.మీ.కి పెంచమన్నారు. ఉన్న లోహాన్నే ఇంకా తీసేయడం అది. మళ్లీ ప్రూఫ్ చేయించకుండా చేయరాని పని. దానికోసం తుపాకీని బర్మింగ్‌హామ్ పంపి తెప్పించుకోవడం ఒక వ్యక్తికి అయ్యే పని కాదు.

గొట్టాలను సొట్టకు వెనుక నుంచి కోసేయమని ఒక స్నేహితుడి సలహా. ఇది విని నేను గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది. లైసెన్సు లేకుండా గొట్టం పొట్టి చేయడం ఆయుధ చట్టంలోని 6వ సెక్షన్ కింద నేరం. ఆ మాట మళ్లీ ఎవరి ముందూ అనవద్దని చెప్పాను. చట్టం సంగతి పక్కన పెట్టినా, మూతి దగ్గర గొట్టం కాస్త సన్నబడే భాగం, చోక్, మొత్తం పోతుంది, రెండు గొట్టాలూ ఒకే చోట తగిలేలా చేసిన అమరిక చెడుతుంది, మిగిలేది మట్టి బిళ్లలకు పనికిరాని ముక్క.

చివరికి కొనుగోలుదారే అడిగారు. "కుడి గొట్టం బాగానే ఉందిగా సార్. ఎడమది వాడకుండా ఉంటే?" ఆయన ఆశ ఎంత ఉందో ఆ ప్రశ్నలో తెలిసింది. తీసిపారేయకుండా జవాబు చెప్పాలనిపించింది. ముందు ట్రిగ్గర్ కుడిది, వెనకది ఎడమది. తొందరలో వేలు వెనక్కి జారడం కొత్తగా నేర్చుకునేవారికి మామూలే. ఆయన ఎప్పుడూ జారనివ్వరనుకుందాం. రేపు ఆయన కొడుకు చేతికి వస్తుంది, ఆ తర్వాత మరొకరు కొంటారు. ఆ నియమం తుపాకీ మీద చెక్కి ఉండదు. పైగా రిబ్ ఊడుతోంది. దాన్ని మళ్లీ అతికించడమంటే గొట్టాలు రెండింటినీ విప్పి, వేడి చేసి, కొత్తగా టంకం వేసి, మళ్లీ నెమ్మది పద్ధతిలో నలుపు పట్టించడం. సగం తుపాకీ కోసం మొత్తం తుపాకీ ఖర్చు.

కుదిరిన దారి

నివేదికను ఒక పేజీలో రాసి, కొలతలు ముద్రల పక్కన పెట్టి చూపించాను. "కొనవద్దు" అన్న మాట మాత్రం రాయలేదు. ఆ మాట రాస్తే ఆయన దాన్ని నా అభిప్రాయంగా తీసుకుని, మరొకరి అభిప్రాయం కోసం వెతుక్కునేవారు. 0.014 అన్న అంకె ఎవరి గేజితో కొలిచినా అంతే వస్తుంది. మరో చోట కొలిపించుకోమని నేనే చెప్పాను. వెళ్లి కొలిపించుకున్నారు. ఆ తర్వాత ఇక బేరం మాట ఎత్తలేదు.

గడువు ముగియకముందే మరో తుపాకీ చూశాం. మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారైన డబుల్ బ్యారెల్, 70 మి.మీ. ఛాంబర్. పైకి ఏమాత్రం అందం లేదు. గొట్టాల నలుపు సగం పోయింది, బట్ మెడ దగ్గర పగులు మొదటిదానికంటే పెద్దది. లోపల చిన్న తుప్పు మచ్చలున్నాయి, నూరిన జాడ లేదు. గోడ దళసరిగా ఉంది. తట్టితే మోత చివరిదాకా సాగింది. తుప్పు మచ్చలను అలాగే వదిలేయమని చెప్పాను. వాటితో వచ్చే నష్టం శుభ్రం చేయడంలో కాస్త శ్రమే. వాటిని తీసేయబోతే పోయే లోహం మళ్లీ రాదు. చెక్క మాత్రం నేనే అతికించాను.

తోటి పనివారికి, కొనేవారికి

ఈ కేసు తర్వాత నా నివేదికల్లో ధర ప్రస్తావన తీసేశాను. ముందు నంబర్లు, ఆ తర్వాత ముద్రలు, లోపలి వ్యాసం, గోడ మందం. ఇవి సరిపోయాకే చెక్క, యాక్షన్, మరమ్మతు ఖర్చు. లోపాలను కూడా రెండు రకాలుగా విడదీసి రాస్తున్నాను. పగిలిన చెక్క, వదులైన స్క్రూ, అరిగిన స్ట్రైకర్ (తూటా అడుగును పొడిచే పిన్ను) వంటివి కొత్త పదార్థం చేర్చి బాగుచేయగలిగినవి. పలుచబడిన గోడకు లోహం చేర్చడం నా బల్ల మీద కాదు. గొట్టం లోపల కొత్త గొట్టాలు దించే పద్ధతి ఉంది గానీ, దానికి కొత్త ప్రూఫ్ కావాలి, కొత్త తుపాకీ అంత ఖర్చు.

కొనేవారు డీలరును తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ గొట్టాల లోపల ఎప్పుడైనా నూరించారా? తెలియదంటే కొలవాలి. నూరించాం, అందుకే ఇంత బాగున్నాయి అంటే మరింత జాగ్రత్తగా కొలవాలి.

మొదటి తుపాకీ సంగతి నన్ను వదల్లేదు. ఈయన కొనలేదు కాబట్టి అది ఇంకొకరికి అమ్ముడుపోవచ్చు. నా కొలతలున్న చీటీ దానికి కట్టమని డీలరును అడిగాను. సరుకు పాడుచేస్తున్నావని ఆయన కోపగించారు. కొనుగోలుదారు అనుమతితో నివేదిక నకలును వారసులకు పంపాను. వాళ్లలో పెద్దావిడ ఫోను చేసి, నాన్నగారు దాంతో ఎవరికీ హాని చేయలేదు, ఆయన పోయాక జరగడం మాకు ఇష్టం లేదు అన్నారు. అమ్మకం నుంచి తీసేయించారు. లైసెన్సు ఉన్న ఆమె తమ్ముడి పేరు మీదకు వారసత్వంగా మార్చుకునే దరఖాస్తు నడుస్తోంది. కాల్చరాదని, ఎందుకు కాల్చరాదో కొలతలతో సహా, ఆ దరఖాస్తు కాగితాలతోనే ఒక ప్రతి ఉంచుకోమని చెప్పాను.